పన్నెండు లక్షల కిలోల రొయ్యలు

వెస్ట్ మాంబళం,
చెన్నై.

చిరంజీవి అమ్మడికి,

మీ అమ్మ పంపిన నెయ్యి, మామిడికాయ తొక్కు చేరాయి. తొక్కు సీసా మాత్రం నా కంటపడకుండా మీ అత్తయ్య ఎక్కడో దాచేసింది, నాకు బీపీ అని.

వెబ్‌సైట్లు చేయడం నేర్చుకోవాలంటే మొదట ఏ భాష పట్టుకోవాలి, వాటిలో ఏది సులువు అని అడిగావు. ఫోన్‌లో చెబుదామంటే మీ రొయ్యల గుంటల దగ్గర సిగ్నల్ సగం మాటలు మింగేసింది. అందుకని రాస్తున్నాను. జవాబు ముందే చెప్పేస్తా, కారణాలు తర్వాత చదువుకో. పేజీ రూపు కట్టే హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్ ఒక నెల. ఆ తర్వాత జావాస్క్రిప్ట్. ఆరు నెలల దాకా ఇంకేదీ ముట్టుకోవద్దు.

మీ ఫ్రెండు పైథాన్ అంది, సీనియర్ జావా అన్నాడు, వేళచ్చేరిలో ట్రైనింగ్ సెంటర్ వాళ్లు ఫుల్ స్టాక్ అన్నారని చెప్పావు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరు నడిచిన దారి వాళ్లు చెప్పారు. ట్రైనింగ్ సెంటర్ వాళ్లు మాత్రం నడిచిన దారి కాదు, అమ్మే దారి చెప్పారు. వాళ్ల సంగతి తర్వాత రాస్తాను.

ముందు ఈ భాషల పుట్టుక గురించి కాస్త చెప్పాలి. పరీక్షకు కాదు, వాటి గుణాలు తెలియడానికి. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. బొంబాయి, ఢిల్లీ, కలకత్తాలతో పాటు మద్రాసుకూ వచ్చింది. నేనప్పుడు మౌంట్ రోడ్డులో ఒక ఆఫీసులో కోబాల్ రాసుకుంటున్నాను. ఆ ఏడాది మే నెలలో సన్ కంపెనీ జావాను బయటపెట్టింది. జూన్‌లో రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన తన సొంత పేజీ కోసం రాసుకున్న పనిముట్లను పీహెచ్‌పీ పేరుతో లోకానికి వదిలాడు. డిసెంబరులో నెట్‌స్కేప్ వాళ్లు జావాస్క్రిప్ట్‌ను ప్రకటించారు. అదే నెలలో జపాన్‌లో మత్సుమోతో అనే ఆయన రూబీని విడుదల చేశాడు. పైథాన్ వీటన్నిటికంటే పెద్దది, 1991 నాటిది. మా ఊరి పేరు మద్రాసు నుంచి చెన్నైగా మారింది 1996లో. అంటే ఇవాళ నువ్వు కొత్త కోర్సులని వింటున్న ఈ భాషలన్నీ చెన్నై అనే అధికారిక పేరు కన్నా పాతవి. పోయిన నెల వచ్చిన కొత్త భాష నేర్చుకోకపోతే వెనకబడిపోతామని ఎవరైనా భయపెడితే ఈ లెక్క చెప్పు.

జావాస్క్రిప్ట్ మొదటి రూపాన్ని నెట్‌స్కేప్‌లో పనిచేసే బ్రెండన్ ఐక్ ఆ మే నెలలోనే పది రోజుల్లో తయారుచేశాడు. దానికి మొదట మోకా అని, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అని పేరు పెట్టారు. జావా పేరు మార్మోగుతున్న రోజులు కాబట్టి చివరికి జావాస్క్రిప్ట్ అన్నారు. ఆ రెంటికీ చుట్టరికం పేరు వరకే. పది రోజుల హడావుడి వాసన మాత్రం ఇప్పటికీ దాన్ని వదల్లేదు.

మరి అలాంటిదాన్ని నీ చేతిలో ఎందుకు పెడుతున్నాను? వెబ్ పనికి రెండు కొసలుంటాయి. ఒకటి పేజీ చూసేవాళ్ల ఫోన్‌లో, ఇంకొకటి ఎక్కడో ఉన్న సర్వర్‌లో. సర్వర్ వైపు నీ ఇష్టం, పైథాన్, పీహెచ్‌పీ, జావా, రూబీ ఏదైనా పెట్టుకోవచ్చు. ఫోన్ వైపు బ్రౌజర్ ఉంటుంది, బ్రౌజర్‌కు నేరుగా అర్థమయ్యేది జావాస్క్రిప్ట్. (వెబ్‌అసెంబ్లీ అని ఇంకొకటుంది. దాని జోలికి ఇప్పుడు పోవద్దు.) సర్వర్ వైపు ఏది నేర్చుకున్నా జావాస్క్రిప్ట్ గడప తొక్కక తప్పదు. జావాస్క్రిప్ట్‌తో మొదలుపెడితే, 2009లో వచ్చిన నోడ్ సాయంతో సర్వర్ వైపు కూడా అదే భాషతో నడిపించొచ్చు. ఒక భాషతో రెండు కొసలూ అందుతాయి.

ఇంకో సంగతి. దీనికి ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. మీ కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ లేకుండా ఏదీ ఎక్కించనివ్వరన్నావు కదా. నోట్‌ప్యాడ్ తెరిచి, నాలుగు వరసలు రాసి, హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలుగా దాచి, దాని మీద రెండుసార్లు నొక్కితే క్రోమ్‌లో తెరుచుకుంటుంది. ఎఫ్ 12 నొక్కితే పక్కన కన్సోల్ వస్తుంది, అందులో ఒక్కో వరస రాసి అక్కడికక్కడే జవాబు చూసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి వారంలోనే వదిలేసేది చాలాసార్లు భాష కష్టమై కాదు, ఇన్‌స్టాల్ కాక.

ఇక జావాస్క్రిప్ట్ తొందర బుద్ధి ఎక్కడ బయటపడుతుందో చూడు. రొయ్యల పట్టుబడి రోజు మీ నాన్న ఏం చేస్తాడు? మేత బస్తా చీటీ వెనక పెన్నుతో లెక్క కడతాడు. నీ మొదటి పేజీ ఆ లెక్కే కావాలి. మొదటి గుంట ఎన్ని కిలోలు, రెండో గుంట ఎన్ని కిలోలు, ఏ కౌంటు, ఇవాళ్టి రేటెంత, కింద ఒక బటన్. కిలోలకు రెండు పెట్టెలు పెట్టి 1200 అని ఒకదాంట్లో, 850 అని ఇంకోదాంట్లో కొట్టి, రెంటినీ కూడమని రాస్తావు. 2050 రావాలి. నీ పేజీ 1200850 అని చూపిస్తుంది. పన్నెండు లక్షల ఎనిమిది వందల యాభై కిలోల రొయ్యలు, మీ రెండు గుంటల్లో!

ఎందుకలా వచ్చిందంటే, పెట్టెలో కొట్టింది ఏదైనా బ్రౌజర్‌కు అది రాతే. అంకెల్లా కనిపించినా లెక్కకు పనికొచ్చే అంకె కాదు. రెండు రాతల మధ్య ప్లస్ పెడితే జావాస్క్రిప్ట్ వాటిని పక్కపక్కన అతికిస్తుంది. అవే రెండు రాతల మధ్య గుణకారం గుర్తు పెట్టావనుకో, బుద్ధిగా అంకెలుగా మార్చుకుని గుణిస్తుంది. కాబట్టి కిలోల్ని రేటుతో గుణిస్తే సరిగ్గా వస్తుంది, రెండు గుంటల్ని కూడితే తప్పొస్తుంది. ఒకచోట ఒప్పు, ఇంకోచోట తప్పు వచ్చేసరికి కొత్తవాళ్లు తల పట్టుకుంటారు. నంబర్ అనే ఫంక్షన్‌తో ముందే అంకెగా మార్చుకుంటే సరిపోతుంది.

పైథాన్‌లో కూడా రెండూ రాతలైతే అతికించడమే. కానీ ఒకటి రాత, ఒకటి అంకె ఇచ్చి కూడమంటే ఆగిపోతుంది. ఏ వరసలో, ఎందుకు కుదరదో చెబుతుంది. రెండు రాతల్ని గుణించమన్నా ఒప్పుకోదు. జావాస్క్రిప్ట్‌కు ఒక రాత, ఒక అంకె ఇస్తే కిక్కురుమనకుండా అతికించేస్తుంది. పీహెచ్‌పీలో అతికించడానికి చుక్క గుర్తు వేరే ఉంది, ప్లస్ అంటే కూడికే, అందుకని నేరుగా 2050 ఇస్తుంది. తప్పు చేసిన చోటే పట్టుకుని ఆపే భాష కొత్తవాళ్లకు మంచిది. ఆ లెక్కన మీ ఫ్రెండు చెప్పిన పైథాన్ మేలే, నేను కాదనను.

కానీ పైథాన్‌లో రాసిన లెక్కను మీ నాన్న ఎక్కడ చూస్తాడు? నీ కంప్యూటర్‌లో నల్ల తెర మీద. ఆయన ఫోన్‌కు చేరాలంటే నువ్వు సర్వర్ పెట్టాలి, ఫ్లాస్కో జాంగోనో నేర్చుకోవాలి. జావాస్క్రిప్ట్ పేజీని గిట్‌హబ్ పేజెస్‌లో పైసా ఖర్చు లేకుండా పెట్టి, లింకు వాట్సాప్‌లో పంపితే, ఆయన గట్టు మీద నిలబడి తెరిచి చూస్తాడు. తను రాసింది ఇంకొకళ్లు వాడుతున్నారంటే, నేర్చుకునేవాళ్లకు ఆ ఊపు వేరు. రేటు తప్పు చూపిస్తోందని ఆయన కేకేస్తే రాత్రి కూర్చుని సరిచేస్తావు. ఆ కేకలోంచి వచ్చే చదువు ఏ క్లాసులోనూ రాదు.

అసలు కష్టం ఎక్కడుంటుందో కూడా ఆ పేజీలోనే తెలుస్తుంది. వంద కౌంటంటే కిలోకి వంద రొయ్యలని నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కౌంటు పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. 40 కౌంటుకు ఒక రేటు, 50కి ఒక రేటు అని పట్టిక రాసుకుంటావు. తూకంలో 47 వచ్చిందనుకో. 40 రేటు కట్టాలా, 50 రేటా, మధ్యలో వాటా వేసి కట్టాలా? జావాస్క్రిప్ట్‌కు తెలియదు, పైథాన్‌కూ తెలియదు. మీ నాన్నను అడగాలి, ఆయన కొనేవాళ్లతో ఎలా తేల్చుకుంటాడో వినాలి, అప్పుడు ఇఫ్, ఎల్స్‌లో రాయాలి. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ చేసిన పనిలో సగం ఇదే, ఇలా అడిగి తెలుసుకోవడం. దీన్ని ఇంటర్వ్యూల్లో ఎవరూ పరీక్షించరు, అది వేరే బాధ.

పేజీ తెలుగులో చెయ్యి. మీ నాన్నకే కాదు, నీకూ ఉపయోగం. పేజీ పైన యూటీఎఫ్-8 అని ఒక వరస రాయడం మరిచిపోతే అక్షరాల బదులు పిచ్చి గీతలు కనిపించవచ్చు. ఇంకో చిత్రం చూడు. రొయ్యలు అనే మాటలో మన కంటికి మూడక్షరాలే. కన్సోల్‌లో దాని పొడవెంతని అడిగితే ఏడంటుంది. ఒత్వమూ, య కింది ఒత్తుకు వాడే పొల్లూ, కొమ్మూ అన్నీ యూనికోడ్‌లో విడివిడి గుర్తులు, వాటిని లెక్కపెట్టి చెబుతుంది. పైథానూ ఏడే అంటుంది. పీహెచ్‌పీలో మామూలుగా పొడవు చెప్పే ఫంక్షన్‌ను అడిగితే 21 అంటుంది, ఎందుకంటే అది గుర్తుల్ని కాదు, బైట్లను లెక్కపెడుతుంది. ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. పేరు ఇరవై అక్షరాలు దాటకూడదని రాసిన ఫారాలు మనవాళ్ల పేర్లను మధ్యలో ఎందుకు నరికేస్తాయో ఇప్పుడు అర్థమయ్యిందా?

ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్ బీఎస్ సంగతి అడిగావు. అది 2020లో మొదలైంది. జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష రాయాలి. మొదట నేర్పే భాష పైథానే. వాళ్లు చెప్పేది డేటా సైన్సు, దానికి పైథానే తగినది. కానీ అదే కోర్సులో డిప్లొమా మెట్టుకు వచ్చాక వెబ్ అప్లికేషన్ల మీద రెండు పేపర్లున్నాయి. మొదటి దాంట్లో పైథాన్ ఫ్లాస్క్, రెండో దాంట్లో జావాస్క్రిప్ట్ వ్యూ. చూశావా, పైథాన్‌తో బయల్దేరిన బండి కూడా వెబ్ దగ్గరికి వచ్చేసరికి జావాస్క్రిప్ట్ స్టేషన్‌లో ఆగింది. నీకు లెక్కలన్నా, అంకెల్లోంచి కబురు లాగడమన్నా ఇష్టమైతే ఆ కోర్సు మంచిది, పైథాన్‌తోనే మొదలుపెట్టు. వెబ్‌సైట్లు చేయాలని ఉందన్నావు కాబట్టి నేను ఇంకోలా చెబుతున్నాను.

మీ సీనియర్ జావా అనడానికి కారణం ఉద్యోగాలు. కంపెనీ ఏ భాష వాడితే ఆ భాష నేర్చుకోవాలన్నది అతని వాదన. మా ఊళ్లో రెండు కంపెనీలు చూడు. జోహో 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలైంది. నెట్‌వర్క్‌లను కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ చేసేది. రకరకాల మెషీన్ల మీద నడవాలి కాబట్టి అప్పుడే వచ్చిన జావా వాళ్లకు సరిపోయింది. తర్వాత తమ కస్టమర్ల కోసం డెల్యూజ్ అని సొంత భాషే చేసుకున్నారు. జోహోలో పనిచేసిన గిరీశ్ మాతృభూతం 2010లో బయటికొచ్చి ఫ్రెష్‌డెస్క్ పెట్టాడు. చిన్న జట్టు, తొందరగా సరుకు బయటికి రావాలి, అందుకు రూబీ ఆన్ రైల్స్ కుదిరింది. ఫ్రెష్‌వర్క్స్‌గా పేరు మార్చుకుని 2021 సెప్టెంబరులో అమెరికా నాస్‌డాక్‌లో లిస్టయింది. ఒకే ఊరు, ఒక కంపెనీలోంచి వచ్చినవాడు పెట్టిన ఇంకో కంపెనీ, భాషలు వేరు. రేపు నువ్వు చేరే చోట ఏముంటుందో ఇవాళ ఎలా ఊహిస్తావు? ఒక భాషలో వేరియబుల్, లూప్, ఫంక్షన్, అర్రే చేతికి పడితే రెండో భాషకు అన్ని నెలలు పట్టదు. నేను కోబాల్ నుంచి సీకి, సీ నుంచి జావాకి అలాగే వెళ్లాను.

జోహో స్కూల్స్ గురించి కూడా తెలుసుకో. ప్లస్ టూ అయినవాళ్లను డిగ్రీ లేకుండానే తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి నేర్పిస్తారు. నువ్వు బీకాం సగం దాటావు, నీకు కాదు. మీ తమ్ముడు ఇంటర్ అయ్యాక ఆలోచించొచ్చు, మీ అమ్మ ఒప్పుకుంటే.

పీహెచ్‌పీని చులకనగా మాట్లాడేవాళ్లు చాలామంది. వాళ్లకు చెప్పు, వర్డ్‌ప్రెస్ దాంట్లోనే రాశారు, తెలుగు వికీపీడియాతో సహా వికీపీడియాలన్నిటినీ నడిపే మీడియావికీ దాంట్లోనే ఉంది. టి.నగర్‌లో నగల షాపుకో, నెల్లూరులో కల్యాణ మండపానికో వారంలో సైటు చేసిచ్చి డబ్బు తీసుకోవాలంటే ఇప్పటికీ వర్డ్‌ప్రెస్ వచ్చినవాడిదే రాజ్యం. నీకు చదువుకుంటూ నాలుగు రూపాయలు సంపాదించాలని ఉంటే, జావాస్క్రిప్ట్ తర్వాత అటు చూడు.

ఫుల్ స్టాక్, అంటే రెండు కొసలూ కలిపి నేర్పే కోర్సు, ఫీజు విషయం. ఆ కరపత్రం ఫోటో పంపావు కదా, చదివాను. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, నోడ్, ఎక్స్‌ప్రెస్, మాంగోడీబీ, మూడు నెలల్లో. అందులో జావాస్క్రిప్ట్‌కు ఇచ్చింది రెండు వారాలు. రియాక్ట్ అనేది జావాస్క్రిప్ట్ మీద కట్టింది, 2013లో ఫేస్‌బుక్ వాళ్లు బయటపెట్టారు. కింద ఉన్నది రాకుండా పైనున్నది నేర్చుకుంటే, టీచర్ రాసింది చూసి రాయడం వస్తుంది, ఎర్రర్ వస్తే చేతులు ఆడవు. అమీర్‌పేటలోనైనా ఇక్కడైనా ఇదే తంతు. ఇక్కడ అదనంగా పాఠం తమిళంలో నడుస్తుంది, నీకు సగం అర్థమవుతుంది. మొజిల్లా వాళ్ల ఎండీఎన్‌లో జావాస్క్రిప్ట్ పాఠాలు ఉచితం, ఫ్రీకోడ్‌క్యాంప్ ఉచితం. ఆరు నెలల తర్వాత కూడా సెంటర్ కావాలనిపిస్తే అప్పుడు ఫీజు నేను కడతా. ఇప్పుడైతే మీ నాన్నను ఆ డబ్బు మేతకు వాడుకోమను.

చాట్‌జీపీటీని అడిగితే రాసిచ్చేస్తుంది కదా మామయ్యా అంటావు. ఇస్తుంది. నేనూ వాడుతున్నాను. కానీ అది రాసిన పేజీలో పన్నెండు లక్షల కిలోలు కనిపిస్తే, ఎక్కడ అతుక్కుందో తెలిసినవాళ్లే సరిచేయగలరు. మొదటి మూడు నెలలు దాంతో రాయించుకోవద్దు. నువ్వు రాసింది ఎందుకు నడవడం లేదో మాత్రం అడుగు.

జావాస్క్రిప్ట్ తర్వాత ఏది అంటే, ఎస్‌క్యూఎల్. సర్వర్ వైపు ఏ భాష పెట్టుకున్నా డేటా దాచుకోవడానికి ఎక్కువ చోట్ల అదే పనికొస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేర్చుకున్నది, ఇవాళ్టికీ నన్ను మోసం చేయనిది అదొక్కటే.

లాప్‌టాప్ కొనడానికి వస్తానన్నావు. శనివారం పినాకిని రైలెక్కు, చెన్నై సెంట్రల్‌లో నేను నిలబడి ఉంటాను. అక్కణ్నుంచి లాప్‌టాప్‌లు అమ్మే రిచీ స్ట్రీట్ దగ్గరే. ఆదివారం పెట్టుకోవద్దు, చాలా షాపులు మూసేసి ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌దే తీసుకుందాం. ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ రెండు గంటలు నిలిచేది, కీబోర్డులో అన్ని మీటలూ పనిచేసేది అయితే నీ పనికి చాలు. గేమింగ్ లాప్‌టాప్ కావాలని మీ తమ్ముడు చెవిలో జోరీగలా పోరుతాడు. వాడి మాట వినొద్దు.

ఇట్లు,
మీ మామయ్య